ఆ సందు ఏదో చెప్తోంది.. వినండి!

జేబులో ఏటీఎం కార్డు ఉందా? బయటికి తీయండి. దాని మందం 0.76 మిల్లీమీటర్లు. మామూలు ప్లాస్టిక్ కార్డైతే ఏ బ్యాంకు ఇచ్చినా, ఏ దేశంలో తీసుకున్నా కొలత అదే. అలాంటివి ఐదు కలిపి పట్టుకుంటే 3.8 మి.మీ. ఇప్పుడా కట్టని తీసుకెళ్లి మీ ఇంటి ముందున్న కారు బానెట్‌కీ, పక్కనున్న ఫెండర్‌కీ మధ్య సందులో నిలబెట్టి చూడండి. అక్షరాలు ఉబ్బెత్తుగా లేని అంచు పెట్టాలి, మెల్లగా పెట్టాలి, పెయింట్ గీసుకుపోకూడదు. ఈ మధ్య వచ్చిన చాలా కార్లకి ఓ కార్డు అటూ ఇటూగా సరిపోతుంది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. అక్కడా ఐదే పడితే హ్యాపీ. ఇటు ఏడు పట్టి, అటు మూడే పడితే మాత్రం ఈ వారం కాలమ్ మీకోసమే.

కారు బాడీలో రెండు రేకుల మధ్య ఉండే ఈ ఖాళీని ఇంగ్లిష్‌లో ప్యానెల్ గ్యాప్ అంటారు. మనం సందు అనుకుందాం. చాలామంది దీన్ని అందానికి సంబంధించిన విషయం అనుకుంటారు. డెంటర్ దగ్గరికి వెళ్లి, "అన్నా, ఈ సందు కొంచెం సెట్ చేయవా" అంటారు. ఆయన రెండు దెబ్బలు కొట్టి, కాస్త పుట్టీ రాసి, పైన రంగేసి ఇస్తాడు. సందు పోయింది, డబ్బులూ పోయాయి. అసలు సంగతి మాత్రం లోపలే ఉండిపోయింది.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. సందు జబ్బు కాదు, థర్మామీటర్. థర్మామీటర్‌ని చల్లటి నీళ్లలో ముంచితే జ్వరం తగ్గదు కదా!

అసలు సందు ఎందుకు?

సందే లేకుండా రేకులన్నీ అతికించేస్తే పోయేది కదా అని మీకు డౌట్ రావచ్చు. పోదు. తలుపు తెరుచుకోవాలంటే దాని అంచు తిరగడానికి చోటు కావాలి. గుంతలో చక్రం పడ్డప్పుడు బాడీ కొద్దిగా మెలి తిరుగుతుంది, దానికీ చోటు కావాలి. పైగా లోహం ఎండకి సాగుతుంది. 40 డిగ్రీల వేడి పెరిగితే మీటరు పొడవున్న అల్యూమినియం రేకు దాదాపు ఓ మిల్లీమీటరు సాగుతుంది. ఉక్కు అందులో సగం.

అంతకన్నా పెద్ద గొడవ ఇంకోటుంది. బానెట్ ఒక ప్రెస్సులో తయారవుతుంది, ఫెండర్ ఇంకో దాంట్లో, కీళ్లు మరోచోట. ప్రతిదాంట్లోనూ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. విడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. అన్నీ కలిపి బిగించాక ఆ తేడాలన్నీ కూడి ఒకచోట బయటపడతాయి. తిలాపాపం తలా పిడికెడు అన్నమాట. ఆ పాపం కనిపించే చోటే సందు.

అందుకే కంపెనీలకి ఇది పరువు సమస్య. 1990లలో లెక్సస్ టీవీ యాడ్ ఒకటి వచ్చింది. చిన్న స్టీలు గోళీ ఒకటి కారు సందుల వెంబడి ఎక్కడా ఆగకుండా దొర్లుకుంటూ పోతుంది. అంతే యాడ్! ఫోక్స్‌వాగన్‌ని నడిపిన ఫెర్డినాండ్ పియెక్ అయితే ఇంకో లెవెల్. ఆయన తన ఇంజినీర్లని ఓ గదిలో కూర్చోబెట్టి, ఆరు వారాల్లో బాడీ సందులు ప్రపంచస్థాయికి రాకపోతే అందరి ఉద్యోగాలూ ఊడతాయని చెప్పాడట. ఆ సంగతి పియెక్ స్వయంగా తనతో చెప్పాడని, అమెరికన్ కార్ల కంపెనీల్లో పెద్ద పదవులు చేసిన బాబ్ లట్జ్ రాశాడు. మొన్న 2023లో ఎలాన్ మస్క్ సైబర్‌ట్రక్ పార్టులన్నీ పది మైక్రాన్ల లోపు తేడాతో రావాలని సిబ్బందికి రాసిన ఈమెయిల్ బయటికొచ్చింది. పది మైక్రాన్లంటే మన ఏటీఎం కార్డు మందంలో డెబ్భై ఆరో వంతు. నెట్‌లో మీమ్స్ ఎన్ని వచ్చాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

స్పోర్ట్స్ కారుకి ఈ పట్టింపు ఇంకాస్త ఎక్కువ. బానెట్ పొడుగ్గా ఉంటుంది. దాని రెండు అంచులూ అద్దం దగ్గర్నుంచి ముక్కు దాకా గీసిన గీతల్లా సాగుతాయి. డ్రైవర్ కిందికి కూర్చుని ఆ గీతల వెంబడే చూస్తాడు. గీత వంకరైతే రోజూ కళ్లముందే కనిపిస్తుంటుంది. పైగా సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారంటే, మీకన్నా ముందు ఎవడో ఒకడు ఏదో ఒక మలుపులో హీరోయిజం చూపించి ఉండే ఛాన్స్ బాగానే ఉంటుంది.

డెంటన్ తమ్ముడి మియాటా

నేనుండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన. ఇక్కడికి దగ్గర్లోని డెంటన్‌లో ఎంఎస్ చదువుతున్న గుంటూరు కుర్రాడొకడు వారాంతాల్లో మా ఇంటికి వస్తుంటాడు. వచ్చిన ఏడాదిలోనే పార్ట్‌టైమ్ డబ్బులు కూడబెట్టి 1995 మాజ్డా మియాటా కొన్నాడు. మిగతా ప్రపంచం దాన్ని ఎంఎక్స్-5 అంటుంది. 1989లో షికాగో ఆటో షోలో మొదట చూపించారు. రెండే సీట్లు, గుడ్డ టాపు, కప్ప కళ్లలా పైకి లేచే హెడ్‌లైట్లు. 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఇదే.

తమ్ముడికి చవగ్గా రావడానికి కారణం దాని కాగితాల మీద ఉంది. 'రీబిల్ట్ టైటిల్'. అంటే ఒకప్పుడు యాక్సిడెంట్ అయ్యో మరోటయ్యో, ఇన్సూరెన్స్ వాళ్లు ఇది ఇక దండగ అని వదిలేసిన కారుని ఎవరో కొని, బాగుచేసి, మళ్లీ రోడ్డెక్కించారన్నమాట. ఇలాంటివన్నీ చెత్త కార్లని కాదు. ఎవరు బాగుచేశారు, ఎలా చేశారు అన్నదే ప్రశ్న. అమ్మినవాడు అవేవీ చెప్పలేదు, వీడు అడగలేదు.

ఓ శనివారం ఫోన్. "అన్నా, బానెట్ ఎడమవైపు సందు తేడాగా ఉంది. ఇంకో ఘోరం తెలుసా? ఫ్రిజ్ మీద అయస్కాంతం తెచ్చి పెడితే బానెట్‌కి అసలు అంటుకోవట్లేదు. మొత్తం పుట్టీయేనా అన్నా? మోసపోయానా?"

నాకు నవ్వొచ్చింది. "ఒరేయ్, ఆ మియాటాకి బానెట్ అల్యూమినియం రా. అంటుకుంటేనే భయపడాలి. ఫెండర్ ఉక్కు, దానికి పెట్టి చూడు."

ఫెండర్‌కి అంటుకుంది. కానీ సందు సంగతి మాత్రం నవ్వి వదిలేసేది కాదు. వాడు రోజూ ఐ-35 హైవే మీద వెళ్తాడు. ముందు భాగం ఒకసారి దెబ్బతిన్న కారు. బాడీ లోపలి ఎముకే వంగి ఉంటే, రేపు మళ్లీ గుద్దుకున్నప్పుడు అది నలగాల్సిన చోట నలగదు, ఆపాల్సిన చోట ఆపదు. వాడు అడిగింది అందం గురించే. నా మనసులో ఉన్నది వేరే. ఈ కారు నడపొచ్చా, వద్దా?

"నడుపుకుంటూ రాకు. నేనే వస్తా" అన్నాను.

ఆటోనగర్ పాఠం

మాది విజయవాడ. ఆటోనగర్‌లో మా పెదనాన్న లారీ బాడీలు కట్టే మేస్త్రీ. సెలవుల్లో షెడ్డు దగ్గర కూర్చుని చూడటమే నా సమ్మర్ క్యాంప్. ఆయన కొత్త బాడీ ఫ్రేము నిలబెట్టగానే ముందు చేసే పని, మూల నుంచి మూలకి దారం లాగడం. ఎడమ ముందు మూల నుంచి కుడి వెనుక మూలకి ఒకసారి. కుడి ముందు నుంచి ఎడమ వెనుకకి ఇంకోసారి. రెండు దారాలూ సమానమైతే ఫ్రేము చక్కగా ఉన్నట్టు. తేడా వస్తే బీడీ ఆర్పేసి మళ్లీ మొదటికి. మనం ఏడో క్లాసులో చదివిన దీర్ఘచతురస్రం కర్ణాలే ఇవి. మూలలు కలవని బాడీకి రంగేయడమంటే స్నానం చేయకుండా సెంటు కొట్టుకోవడమే అనేవాడు.

డెంటన్ వెళ్లగానే నేనూ మొదట బోల్టు ముట్టుకోలేదు. కారుని చదునైన నేల మీద నాలుగు చక్రాలపైనే నిలబెట్టాం. టైర్లలో గాలి సమానంగా చూశాం. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ కాదు. టాపు లేని కారుని జాకీ మీద లేపితే బాడీ కొద్దిగా వంగి తలుపు సందులు మారిపోతాయి. జాకీ మీద సరిచేసిన సందు నేలకి దించాక ఇంకోలా కనిపిస్తుంది. ఎండలో కూడా పెట్టలేదు, నీడకి తెచ్చి చల్లారనిచ్చాం.

తర్వాత నీలం రంగు పేపర్ టేపు ముక్కలు ప్రతి సందు పక్కనా అంటించి, అక్కడ ఎన్ని కార్డులు పడుతున్నాయో పెన్నుతో రాశాం. పాత ఏటీఎం కార్డులు, గిఫ్ట్ కార్డులు, వాడి గడువైపోయిన కాలేజీ ఐడీ అన్నీ పనికొచ్చాయి. లెక్క ఇలా తేలింది. కుడివైపు అద్దం దగ్గర ఐదు, మధ్యలో ఐదు, ముక్కు దగ్గర ఐదు. ఎడమవైపు అద్దం దగ్గర నాలుగు, మధ్యలో ఆరు, ముక్కు దగ్గర ఎనిమిది. పైగా ఎడమ ఫెండర్ ముందుభాగం బానెట్ కన్నా ఎత్తుగా ఉంది. వేలు అడ్డంగా పోనిస్తే మెట్టులా తగులుతోంది.

వెడల్పు ఒకటి, మట్టం ఒకటి. సందుకి ఈ రెండు కొలతలూ ఉంటాయి. ఫొటోలో వెడల్పే కనిపిస్తుంది, మట్టం వేలికి మాత్రమే తెలుస్తుంది.

సందుల భాష

ఇక్కడ ఆగి కొంచెం వ్యాకరణం చెప్పుకుందాం. సందు ఎలా తేడాగా ఉందో చూస్తే కారణం సగం దొరికిపోతుంది.

ఎడమవైపు ముందు వెడల్పు, వెనుక ఇరుకు. కుడివైపు సరిగ్గా దానికి రివర్స్. అంటే బానెట్ మొత్తం ఓ పక్కకి తిరిగి కూర్చుంది. కీళ్ల బోల్టులు వదులు చేసి తిప్పితే చాలు.

ఒకవైపు పొడవునా వెడల్పు, రెండోవైపు పొడవునా ఇరుకు. అంటే బానెట్ పక్కకి జరిగింది. ఇదీ తేలికే.

ఒకవైపు అంతా చక్కగా ఉండి, రెండోవైపు మాత్రమే వి అక్షరంలా విచ్చుకుంది. అంటే బానెట్ తప్పు కాదు. ఆ పక్క ఫెండరో, దాన్ని పట్టుకున్నదో కదిలింది. తమ్ముడి కారు కేసు ఇదే. ఇక్కడే జాగ్రత్తపడాలి. కదిలింది పైనున్న రేకా, లోపలి ఎముకా?

ఇంకోటి తలుపు దగ్గర. తలుపు వెనుక అంచు సందు పైన ఇరుకై, కింద వెడల్పైంది. కీలు అరిగి తలుపు వాలినా ఇలాగే ఉంటుంది. టాపు లేని కారులో తలుపు కింద ఉండే అడుగు పట్టీ తుప్పు పట్టి బలం పోయినా ఇలాగే ఉంటుంది. తేడా ఎలా తెలుస్తుంది? తలుపు సగం తెరిచి, చివర పట్టుకుని పైకి లేపండి. టకటక కదిలితే కీలు అరిగింది. అస్సలు కదలకుండా, రెండు తలుపులకీ అదే లక్షణం ఉంటే కారు నడుం కిందికి దిగుతోందని అనుమానించాలి. పాత మియాటాల్లో వెనుక చక్రాలకి ముందు ఈ పట్టీ తుప్పు పట్టడం బాగా తెలిసిన సమస్య. టాపు నుంచి నీళ్లు దిగే గొట్టం పూడుకుపోతే ఆ నీళ్లు అక్కడే నిలుస్తాయి. అలాంటి కారుకి బోల్టులు తిప్పి సందు సరిచేస్తే అది మసిపూసి మారేడుకాయ చేయడమే.

మూల నుంచి మూలకి

బానెట్ ఎత్తి నిలబెట్టాం. కుడి సస్పెన్షన్ టవర్ మీది బోల్టు మధ్య నుంచి, ఎడమ ముందు రేడియేటర్ దగ్గర బాడీకే ఉన్న ఓ రంధ్రం మధ్యకి ఒక కొలత. అదే రంధ్రం అవతలి పక్కా ఉంటుంది. ఎడమ టవర్ నుంచి దానికి రెండో కొలత. టేపు మధ్యలో వంగుతుందని, రెండు కర్టెన్ రాడ్లని ఒకదాంట్లో ఒకటి దూర్చి, చివర్లకి బోల్టులు కట్టి కొలకర్ర చేశాం. మొదటి కొలతకి రాడ్డు మీద గీత పెట్టి, రెండోవైపుకి తిప్పి పెట్టాం.

తమ్ముడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. "అన్నా, తేడా వస్తే?"

"వస్తే ఈ కారు ఇక్కడే ఉంటుంది. టో చేయించి ఫ్రేమ్ బెంచీ ఉన్న షాపుకి పంపాలి. అందాకా నువ్వు బస్సెక్కుతావు."

రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చింది. కర్టెన్ రాడ్డుతో, చేత్తో పట్టుకుని కొలిచినదాంట్లో ఆ మాత్రం పొరపాటు మామూలే. మూడుసార్లు కొలిచాం, అంతే. ఈ కొలత ఒక్కటే సర్టిఫికెట్ కాదు, ఎందుకంటే ఎముక పైకీ కిందికీ కూడా వంగొచ్చు. అందుకే ఆ సాయంత్రమే ఓ షాపువాళ్ల ట్రక్కు మీద వీల్ అలైన్‌మెంట్‌కి పంపించాం. వాళ్లు కారుని పైకెత్తినప్పుడు కింద పట్టాలు చూశాం. మడతల్లేవు, కొత్త వెల్డింగ్ లేదు. నాలుగు చక్రాల అంకెలూ పరిధిలోనే ఉన్నాయని ప్రింటు ఇచ్చారు. తమ్ముడు ఆ కాగితాన్ని ఫొటో తీసి వాళ్లమ్మకి పంపాడు. ఆవిడకి అందులో ఏం అర్థమైందో గానీ, "టైముకి తిను నాన్నా" అని రిప్లై వచ్చింది.

ఎముక బాగుంది. ఇక రేకు సంగతి.

వెనుక నుంచి ముందుకి

సందులు సరిచేసేటప్పుడు అందరి చెయ్యీ మొదట బానెట్ మీదికే పోతుంది. తప్పు. మొదలుపెట్టాల్సింది కదలని చోటు నుంచి. వెనుక చక్రం మీది రేకు బాడీకి వెల్డ్ చేసి ఉంటుంది, అది జరగదు. కాబట్టి ముందు దానికి తలుపుని కలపాలి. తర్వాత తలుపుకి ఫెండర్‌ని. తర్వాత రెండు ఫెండర్ల మధ్య బానెట్‌ని. చివర్లో హెడ్‌లైట్ మూతలు, బంపర్. ఈ వరస తప్పితే ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది, సాయంత్రానికి మళ్లీ మొదటికే వస్తారు.

తలుపు చూసేటప్పుడు చిన్న కిటుకు. తలుపు లాక్ పట్టుకునే కొక్కెం బాడీ వైపు ఉంటుంది. దాని చుట్టూ మార్కర్‌తో గీత గీసి, తాత్కాలికంగా విప్పేయండి. వాలిన తలుపుని ఆ కొక్కెం ఎత్తి పట్టి, బాగానే ఉన్నట్టు మభ్యపెడుతుంది. విప్పితే నిజం తెలుస్తుంది. వీడి తలుపులు రెండూ బాగానే ఉన్నాయి. కొక్కేలు మళ్లీ గీతల ప్రకారం బిగించేశాం.

ఇక ఎడమ ఫెండర్. బానెట్ అంచు కింద వరసగా బోల్టులు, తలుపు తెరిస్తే కనిపించేవి, కింద పట్టీ దగ్గర, ముందు బంపర్ చాటున ఇంకొన్ని. అన్నిటికీ పది నంబరు స్పానరే. ప్రపంచంలో ఏ గ్యారేజీలోనైనా సరిగ్గా అవసరమైనప్పుడు కనిపించకుండా పోయేది కూడా ఆ పది నంబరే. ఇరవై నిమిషాలు వెతికాం. తమ్ముడి జేబులోనే ఉంది.

బోల్టు తలలు చూస్తేనే కథ తెలిసిపోయింది. కుడివైపు బోల్టుల మీద బాడీ రంగు చెక్కుచెదరలేదు. ఎడమవైపు అన్నిటికీ స్పానర్ పడి రంగు లేచిపోయింది, మూడు చోట్ల అసలు బోల్టులే లేవు. ముందు బిగింపు దగ్గర రేకు కింద మూడు వాషర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఫెండర్‌కి ఉన్న గుండ్రటి రంధ్రాన్ని ఎవరో ఆకురాయితో రాసి కోడిగుడ్డులా సాగదీశారు.

ఎందుకలా చేశారు? హెడ్‌లైట్ పక్కన ఫెండర్‌ని పట్టుకునే చిన్న ఇనుప బ్రాకెట్ ఉంది. దెబ్బకి అది బయటికి వంగింది. దాన్ని నిటారు చేయడానికి పావుగంట పడుతుంది. బాగుచేసినవాళ్లు ఆ పావుగంట మిగుల్చుకోడానికి, వంగిన బ్రాకెట్‌కి తగ్గట్టు మంచి ఫెండర్‌ని సాగదీసి, వాషర్లు పెట్టి, బోల్టు బిగించేశారు. చెప్పులకి సరిపోయేట్టు కాలు కోసుకున్నట్టు!

బ్రాకెట్‌కి ఒకపక్క చెక్కముక్క ఆనించి, క్లాంపుతో కొంచెం కొంచెం బిగిస్తూ, కుడివైపు బ్రాకెట్‌తో పోల్చి చూసుకుంటూ సరిచేశాం. సుత్తి ముట్టుకోలేదు. వాషర్లు తీసేశాం. సాగిన రంధ్రం కిందికి వెడల్పాటి వాషర్ ఒకటి వేశాం. లేని మూడు బోల్టులూ కొని తెచ్చాం.

బోల్టులు ఒకేసారి బిగించేయకూడదు. రేకు జారిపోకుండా, అరచేత్తో గట్టిగా తోస్తే మాత్రం కదిలేట్టు పట్టు మీద ఉంచాలి. తలుపు వైపు సందులో ఐదు కార్డులు నిలబెట్టి, ఫెండర్‌ని దానికి ఆనించి అక్కడ మొదట బిగించాం. తర్వాత పై వరస, వెనుక నుంచి ముందుకి. ప్రతి బోల్టు తర్వాతా బానెట్ దించి చూశాం. మొదటిసారి బానెట్ దించేటప్పుడు ధన్‌మని వదలకండి. మూల పోయి ఫెండర్‌కి తగిలితే రంగు పెచ్చులూడుతుంది. అల్యూమినియం బానెట్ అయితే సొట్ట కూడా పడుతుంది. ఒకరు దించాలి, ఒకరు పక్కన కూర్చుని సందులోకి చూడాలి.

మట్టం సరిచేయడానికి బానెట్ ముందుభాగం కింద రబ్బరు గుబ్బలుంటాయి. తిప్పితే పైకీ కిందికీ వెళ్తాయి. వాటి మీద బానెట్ ఆని కూర్చున్నప్పుడు ఫెండర్‌తో సమానంగా ఉండాలి. లాక్ సంగతి ఆఖర్న. అది అయ్యాక, లివర్ లాగినప్పుడు బానెట్ రెండో కొక్కెం దగ్గర ఆగుతోందో లేదో పదిసార్లు పరీక్షించాం. సందు అందంగా ఉండి ఆ కొక్కెం పట్టకపోతే, హైవే మీద బానెట్ లేచి అద్దం మీద పడుతుంది. పని అయిపోయిందన్న సంబరంలో ఈ పరీక్షే చాలామంది మర్చిపోతారు.

మిగిలిన ఒక్క కార్డు

ఆదివారం చీకటిపడే వేళకి ఎడమవైపు లెక్క ఇలా ఉంది. అద్దం దగ్గర ఐదు, మధ్యలో ఐదు, ముక్కు దగ్గర ఆరు. మెట్టు పోయింది. ఎనిమిది నుంచి ఆరుకి వచ్చాం. ఆ ఒక్క కార్డు మాత్రం లొంగలేదు.

తమ్ముడు ఆకురాయి తీశాడు. "అన్నా, బ్రాకెట్ రంధ్రం ఇంకొంచెం లోపలికి రాస్తే ఫెండర్ జరుగుతుంది కదా?"

జరుగుతుంది. కానీ అప్పుడు మనం చేసేది కూడా ముందు వాడు చేసిన పనే. సరిగ్గా ఉన్న దాన్ని కోసి, తప్పుగా ఉన్నదానికి సరిపెట్టడం. రంధ్రం అంచున రంగు పోయి తుప్పు మొదలవుతుంది. రేపెప్పుడో సరైన ఫెండర్ తెచ్చుకుంటే అది ఆ రంధ్రానికి కుదరదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. షోలకి పెట్టే కార్లు చేసేవాళ్లు రేకు అంచుకి వెల్డింగ్‌తో లోహం చేర్చి, అరగదీసి, సందుని దారంలా తెస్తారు. అది వేరే విద్య, వేరే బడ్జెట్.

"ఆ ఒక్క కార్డూ ఉండనీ రా. ముప్ఫై ఏళ్ల కారు. దెబ్బ తిన్నది, లేచి నిలబడింది. లోపల ఎముక బాగుందని ఇప్పుడు నీకు తెలుసు. నిన్నటిదాకా తెలీదు" అన్నాను. వాడు కాసేపు గొణిగి, ఆకురాయి పక్కన పెట్టాడు. విప్పిన ప్రతి బోల్టు దగ్గరా తుప్పు పట్టకుండా బ్రష్‌తో రంగు అద్దడం మాత్రం వాడే చేశాడు, చాలా శ్రద్ధగా.

మరి మన దగ్గర?

స్పోర్ట్స్ కారు ఎంతమంది కొంటారు అంటారేమో. సందులు స్విఫ్ట్‌కీ ఉంటాయి, క్రెటాకీ ఉంటాయి. మన దేశంలో కూడా మరమ్మతు ఖర్చు ఇన్సూరెన్స్‌లో రాసిన కారు విలువలో 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద లెక్కేస్తుంది. అలాంటి బండ్లు బాగుపడి మళ్లీ మార్కెట్లోకి వస్తూనే ఉంటాయి. హైదరాబాద్‌లోనో, వైజాగ్‌లోనో మీరు సెకండ్‌హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లినప్పుడు, మ్యూజిక్ సిస్టమ్ ఆన్ చేసే ముందు పది నిమిషాలు ఈ పని చేయండి.

ఐదు కార్డులు తీసి బానెట్ రెండు వైపులా, నాలుగు తలుపులకీ, డిక్కీకీ పెట్టి చూడండి. అంకె ఎంతన్నది పెద్ద విషయం కాదు, ఎడమా కుడీ ఒకేలా ఉండాలి. ఓ కార్డు తేడా మామూలే. రెండు దాటితే ఎందుకని అడగండి. కళ్లు మూసుకుని వేలు సందు మీద అడ్డంగా పోనిచ్చి మెట్టు ఉందేమో చూడండి. బానెట్ ఎత్తి ఫెండర్ బోల్టుల తలలు రెండు వైపులా పోల్చండి. డిక్కీలో స్టెప్నీ తీసి కింద రేకు చూడండి. ముడతలుంటే వెనుక నుంచి గట్టి దెబ్బే తగిలింది. అయస్కాంతం వాడితే ముందు ఆ ప్యానెల్ ఉక్కో, అల్యూమినియమో, ప్లాస్టిక్కో తెలుసుకోండి, మా తమ్ముడిలా గుండె ఆగే పని పెట్టుకోకండి.

బోల్టు విప్పినట్టు కనిపించగానే పారిపోనక్కర్లేదు. పార్కింగ్‌లో గీసుకుని ఫెండర్ మార్చిన కార్లు బోలెడు. "ఏమైంది, బిల్లు ఉందా?" అని అడిగితే, నిజం చెప్పేవాడు వెంటనే చెప్తాడు. "అబ్బే, ఏం లేదు సార్, కంపెనీ నుంచే అలా వచ్చింది" అంటే మాత్రం రెండో వైపు సందు చూపించండి. కంపెనీ నుంచి అలాగే వస్తే రెండు వైపులా ఎందుకు లేదో అడగండి.

ఇక మీ సొంత కారుకే సందు తేడాగా ఉంటే, డెంటర్ అన్న దగ్గరికి వెళ్లి "సందు సెట్ చేయి" అనకండి. "ఇది ఎందుకు ఇలా అయిందో ముందు చూడన్నా, తర్వాతే సెట్ చేద్దాం" అనండి. పుట్టీ డబ్బా తీస్తే చెయ్యి పట్టుకోండి. టేపు తీస్తే టీ చెప్పండి.